వడ్డించని ఒడిబియ్యం

మా వీధిలో రాంచందర్ పేరు వినబడగానే పెద్దమనుషుల తలలు గౌరవంగా ఊగుతాయి. ఇరవై ఏళ్ళలో తీరవలసిన ఇంటి అప్పును ఎనిమిదేళ్ళ రెండు నెలల్లో తీర్చిన మనిషి అని వారి భావం. కొత్తగా ఉద్యోగాల్లో చేరిన వాళ్ళకు అతణ్ణి చూపించి, “బతికితే గట్ల బతకాలె” అంటారు. నా తల ఊగదు. వయసు మీరిన మెడ గనుక బిగుసుకుపోయిందని కొందరు అనుకుంటున్నారు. అది నిజం కాదు. నేను అతని ఎదురింటివాణ్ణి. ఆ ఎనిమిదేళ్ళూ ఆ ఇంట్లో ఏమి వండారో, ఏమి వండలేదో నాకు తెలుసు.

రాంచందర్ నా శిష్యుడే. చండూరు దాపున ఒక నేత ఊళ్ళో, జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో నేను తెలుగు చెప్పిన పదకొండేళ్ళలో రెండేళ్ళు అతడు నా ముందు కూర్చున్నాడు. మందబుద్ధి కాడు. పద్యం అప్పజెప్పమంటే తడబడకుండా అప్పజెప్పేవాడు. తాత్పర్యం అడిగితే, “పరీక్షల గిది ఎన్ని మార్కులకు వస్తది సార్?” అని ఎదురు అడిగేవాడు. రెండు మార్కులైతే రెండు వాక్యాలు, నాలుగైతే నాలుగు. ఐదో వాక్యం అతని జవాబు పత్రంలో నేను ఎన్నడూ చూడలేదు.

తండ్రి సిద్దయ్య మరో రకం మనిషి. చీర పూర్తయి మగ్గం దిగిన రోజున పావుసేరు బెల్లం తెచ్చి ఆ వాడలో కనబడ్డవాళ్ళందరికీ పంచేవాడు. నూలిచ్చే ఆసామి కూలి లెక్క కట్టేది వారం తరువాత. కాబట్టి ఆ బెల్లం కిరాణా దుకాణంలో అప్పుమీదే వచ్చేది. బడి విడిచి పోతున్న నాకూ ఒక ముక్క అందేది. “అప్పుజేసి బెల్లం పంచుడేంది సిద్దయ్యా?” అని ఒకనాడు అడిగాను. “చీర దిగిందని నాకొక్కనికే తెలిస్తే ఏం లాభం సార్?” అన్నాడు. ఆ మనిషి పోయి చాలా కాలమైంది. ఆ వాడలో ఇప్పుడు మగ్గాల చప్పుడు కూడ పలచబడింది. దారి తప్పుతున్నానని తెలుసు. కాని ఈ బెల్లం ముక్కను పాఠకులు కొంచెంసేపు జ్ఞాపకం ఉంచుకోవాలి.

కొడుకు మగ్గం ఎక్కలేదు. నల్లగొండలో ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తా అయ్యాడు. నకిరేకల్ నుంచి స్వర్ణలతను పెళ్ళి చేసుకున్నాడు. ఆమెది కూడా నేతవారి ఇల్లే. అన్న అరుణ్ మాత్రం నకిరేకల్ నిమ్మకాయల మార్కెట్టులో లెక్కలు రాసేవాడు. తెలంగాణ వచ్చిన రెండో ఏట, అంటే 2016లో, రాంచందర్ నల్లగొండలోనే మా వీధిలో నూట ఇరవై గజాల జాగాలో రెండు పోర్షన్ల ఇల్లు కట్టాడు. బ్యాంకు పదిహేను లక్షలు ఇచ్చింది. నెలకు పద్నాలుగు వేల కిస్తీ, ఇరవై ఏళ్ళు. ‘ఇంటి యజమాని’ అన్న మాటను పిల్లలకు షష్ఠీ తత్పురుషంగా విప్పి చెప్పినవాణ్ణి నేను: ఇంటియొక్క యజమాని. ఇల్లే యజమానిగా కలవాడు అని దానిని బహువ్రీహిగా విప్పడానికి వ్యాకరణం ఒప్పుకోదు. రాంచందర్ బతుకు ఒప్పుకుంది.

గృహప్రవేశం నాడు స్వర్ణలతకు పుట్టింటివారు ఒడిబియ్యం పోశారు. మా ప్రాంతంలో ఈ ఆచారం తెలియని ఆడపడుచు ఉండదు. అయినా ఈ రాత ఏ ఊరికి పోతుందో తెలియదు గనుక చెప్తాను. పసుపు కలిపిన బియ్యాన్ని, ఎండుకొబ్బరి కుడుకలతో ఖర్జూరాలతో సహా, తల్లి మొదలుకొని పుట్టింటి ఆడవాళ్ళందరూ దోసిళ్ళతో ఆడబిడ్డ ఒడిలో పోస్తారు. ఆమె ఆ బియ్యాన్ని అత్తింటికి తెచ్చి, మంచిరోజు చూసుకొని వండి, చుట్టుపక్కలవాళ్ళను పిలిచి భోజనం పెడుతుంది. ఇందులో రెండో సగమే అసలైనది. పుట్టింటి బియ్యం వీధివాళ్ళ విస్తళ్ళలో పడ్డప్పుడే ఆ ఆడబిడ్డ ఆ వీధికి చెందుతుంది. ఆ రోజు స్వర్ణలత తల్లి సుభద్రమ్మ, వదినె, పెద్దమ్మలు, మేనత్తలు కలిసి పోసినవి ముప్పై సేర్లు. ఒడి బరువుకు ఆ పిల్ల నడుము వంగింది. ముఖం మాత్రం, నేను అక్కడే కూర్చుని చూశాను, దీపంలా ఉంది.

మూడో రోజు సాయంత్రం అతని వసారాలో చాయ తాగుతున్నాను. ఆ ఇంట్లో నాకు దొరికిన చివరి చాయ అదే కావచ్చు. స్వర్ణలత లోపలినుంచి వచ్చి, “ఏమయ్యా, శుక్రవారం మంచిగున్నదట. గల్లీల అందరికి చెప్పి వద్దునా?” అంది.

“ఎంతమంది అయితరు?”

“నూటిరవై మంది అయితరు.”

రాంచందర్ ఎవరిదో పెండ్లిపత్రికను వెనుక తెల్లవైపు తిప్పి పెన్సిలు తీశాడు. బియ్యం ఉన్నాయి సరే. పప్పు, కూరలు, నూనె, పాయసం, వంటమనిషి కూలి, విస్తళ్ళు. “పద్దెనిమిది వేలు,” అన్నాడు. పెన్సిలు ఆగలేదు. “గీ పద్దెనిమిది వేలు ఇప్పుడు అసలుకు కడితే, ఇరవై ఏండ్లల్ల ఎంత మిగుల్తదో ఎరుకనా? లక్షా పందొమ్మిది వేలు! లక్షా పందొమ్మిది వేల బువ్వ ఏ రాజు పెట్టిండే?”

“మరి బియ్యం?”

“బియ్యం ఏడికి పోతయి? అప్పు తీరనీ. అప్పుడు ధూంధాంగ పెడుదం. సార్ కూడ ఉంటడు, సాక్ష్యం.”

నన్ను సాక్షిని చేశాడు. అప్పటి నా మౌనానికి సిగ్గుపడుతూ ఒక మాట చెప్పాలి. ఆ లెక్కను తరువాత ఒక లెక్కల మాస్టారుకు చూపించాను. ఇరవై ఏళ్ళ లెక్క సరైనదేనట. కాని ఎనిమిదేళ్ళలోనే అప్పు తీర్చేవాడికి ఆ పద్దెనిమిది వేలు ముప్పై తొమ్మిది వేలతో సమానమట, అంతే. అంటే, ఆ మహా గణకుడు భార్య నోరు మూయించింది కూడ తప్పు లెక్కతోనే.

బియ్యం ఎక్కడికి పోతాయని అడిగాడు కదా. అవి రాంచందర్ కడుపులోకి పోయాయి. నలభై రోజులపాటు ఆ ఇంట్లో పొద్దున, రాత్రి పసుపు అన్నమే. ఆఫీసులో అతని డబ్బా తెరిచినప్పుడల్లా పక్క గుమాస్తాలు, “ఏం అన్నా, రోజూ పులిహోరనా? చింతపండు మర్చిపోయిందా వదినె?” అని నవ్వేవారట. “పసుపు ఒంటికి మంచిది” అని ఇతని జవాబు. బిడ్డ కరుణ అప్పుడు రెండో తరగతి. బళ్ళో పిల్లలు కామెర్ల బువ్వ అని ఎక్కిరిస్తున్నారని ఏడ్చింది. ఆ నెల బియ్యం ఖర్చు మిగిలింది. మిగిలినది అసలుకు పోయింది. స్వర్ణలత ఒక్కసారే మాట్లాడింది. మా ఇంటావిడ దగ్గర కూర్చుని, “నలుగురికి పెట్టకుంట మనమే తింటే అవి ఒడిబియ్యం గాదు పెద్దమ్మా, రేషన్ బియ్యం” అంది.

ఇక అతని పొదుపు గురించి. పొదుపరికీ పిసినారికీ భేదం ఉంది. పొదుపరి తన నోరు కట్టుకుంటాడు, పిసినారి ఇతరుల నోరు కట్టేస్తాడు. రాంచందర్ దినపత్రిక మా ఇంట్లో చదివేవాడు. నేను ఇంకా తెరవకముందే. రైతుబజారుకు పొద్దున పోయేవాడు కాడు. మూసేవేళకు, రైతులు మిగిలిన టమాటలను ఎంతకైనా వదిలించుకొనే వేళకు పోయేవాడు. పెండ్లిళ్ళకు గోడ గడియారం తీసుకుపోయేవాడు. గృహప్రవేశానికి వచ్చిన గోడ గడియారాలు పదకొండు. అవి పదకొండు పెండ్లిళ్ళు నడిపించాయి. పన్నెండో పెండ్లికి జ్వరం వచ్చింది. తంగేడు పువ్వుకు ధర లేదు గనుక బతుకమ్మకు మాత్రం ఆ ఇంట్లో ఏనాడూ లోటు రాలేదు. ధర ఉండి ఉంటే ఆ దేవత గతి కూడ ఒడిబియ్యం గతే అయి ఉండేది.

మొదటి ఏడాది గడిచాక ఒకనాడు నల్లబడ్డ ముఖంతో వచ్చాడు. కిస్తీకి మించి తాను కట్టినదంతా బ్యాంకువారు రాబోయే నెలల కిస్తీలకింద జమ చేసుకున్నారట. అసలు అనుకున్నంత తగ్గలేదట. “గట్ల గాదు, అసలుకే కొట్టాలె అని రాసియ్యాలెనట సార్. మీరు రాస్తే ఎవ్వడు కాదనడు.” నేను రాశాను. ‘కిస్తీకి అదనముగా నేను చెల్లించు ప్రతి పైకమును అసలు మొత్తమునుండి తగ్గింపవలసినదిగా ప్రార్థన’ అని, ఎక్కడా ఒక విభక్తి జారకుండ. బ్యాంకువారు ఒప్పుకున్నారు. నలభై ఏళ్ళ ఉద్యోగంలో నేను రాసిన అర్జీలలో ఒక్కటి కూడ ఇంత చక్కగా ఫలించలేదు. రోడ్డు కోసం రాశాను, పాఠశాల కప్పు కోసం రాశాను, గ్రంథాలయం కోసం రాశాను. ఫలించినది ఇది! ఈ కథలో నా వంతు పాపం కూడ ఇదే.

ముందువైపు పోర్షన్ కిరాయికి ఇచ్చాడు. సతీశ్, నవనీత అనే దంపతులు వచ్చారు. సతీశ్ కరెంటు పని చేస్తాడు. నవనీత నోరు గలది, దేవుడు ఆమెను ఆ ఇంటికి ఊరకే పంపలేదు. రాంచందర్ వారికి నియమాలు రాసి గోడకు అంటించాడు. మోటరు రోజుకు ఇరవై నిమిషాలు. రాత్రి ఉండే చుట్టాలు ఇద్దరికి మించరాదు. ఇంట్లో ఏదైనా ఫంక్షన్ చేసుకుంటే నీళ్ళకింద ఐదువందలు వేరుగా ఇవ్వాలి.

నవనీతకు బిడ్డ పుట్టి, ఇరవై ఒకటో రోజు తొట్టెలలో వేసిన నాడు నలభై మంది వచ్చారు. ఇంకా తొట్టె ఊగుతుండగానే రాంచందర్ గుమ్మంలో నిలబడ్డాడు.

“నీళ్ళ పైసలమ్మా.”

“పొల్లకు ఇంకా పేరు గూడ పెట్టలే సార్. జర ఆగుతరా, లేకుంటే నీళ్ళ పైసలని పెట్టుమంటరా పేరు?”

అందరూ నవ్వారు. అతడూ నవ్వాడు. నవ్వుతూనే చేయి చాపి ఉంచాడు. ఐదువందలూ తీసుకొనే కదిలాడు.

స్వర్ణలత చీరల కొంగులకు కుచ్చులు వేయడం నేర్చుకుంది. నేతింటి వేళ్ళు గనుక పని అందంగా వచ్చేది; చీరకు ఎనభై రూపాయలు. నెల చివర ఆ డబ్బు కూడ అసలుకే. ఆమె కాదనలేదు. ఎందుకు కాదనలేదో నాకు మొదట్లో అర్థం కాలేదు. మెత్తని మనిషి అనుకున్నాను. తరువాత తెలిసింది, ఆమె కూడ ఆ అప్పును తరుముతున్నదని. భర్త తరిమేది వడ్డీకోసం, ఆమె తరిమేది ఒక పూట భోజనంకోసం. అప్పు తీరిన నాడు తన వీధికి తన పుట్టింటి బియ్యం వండి పెట్టాలి. అంతే.

మూడేళ్ళు నిండాయి. 2019లో అరుణ్ నకిరేకల్ నుంచి సంచిలో నిమ్మకాయలతో వచ్చాడు. ఒడిబియ్యం మూడో ఏట మళ్ళీ పోస్తారు. తల్లి ఆ మాట చెప్పి రమ్మందట. మా అరుగు మీదికి అన్నీ వినబడతాయి.

“బావా, అమ్మ వస్తనంటున్నది. చెల్లెకు ఒడిబియ్యం పోస్తదట.”

“పొయ్యనీ! ఎవరు వద్దన్నరు?” రాంచందర్ ముఖం వికసించింది. “ఈసారి గూడ ముప్పై సేర్లు అయితయా?”

అరుణ్ బావ ముఖంలోకి చూసి, చెల్లెలి ముఖంలోకి చూశాడు. స్వర్ణలత వాకిలి ఊడుస్తున్నదల్లా చీపురు గోడకు ఆనించింది.

“అన్నా, అమ్మను రావద్దని చెప్పు. ముంగట పోసినయే నలుగురికి పెట్టలే. అవి పెట్టకుంట రెండోపారి ఒడి పట్టను.”

“పిచ్చిదానివా? పుట్టింటోళ్ళు ఇస్తమంటే వద్దంటవా?” అన్నాడు రాంచందర్.

“నేను వద్దంటున్న. నీ అప్పు తీరనీ. నువ్వే అంటివి గద.”

అరుణ్ నిమ్మకాయలు ఇచ్చి వెళ్ళిపోయాడు. ఐదో ఏట మళ్ళీ వచ్చాడు. అదే జవాబు తీసుకొని వెళ్ళాడు. ఆ ఏడాది జీతాల సవరణ జరిగింది. వీధిలో ప్రతి సర్కారు ఉద్యోగి ఇంట్లో ఏదో ఒక వస్తువు దిగింది; ఒకరికి వాషింగ్ మెషీన్, ఒకరికి మంచం. రాంచందర్ ఇంట్లో ఏదీ దిగలేదు, అప్పు తప్ప. ఏడో ఏట అరుణ్ రాలేదు. తల్లికి చూపు మసకబారిందని, డెబ్బైఅయిదు దాటాయని, “ఒక్కపారి నా చేతుల తోటి పోసిన బియ్యం నా బిడ్డ వడ్డించంగ చూస్తే చాలు” అంటున్నదని ఫోనులో చెప్పాడట. ఆ మాట మా ఇంటావిడకు చెప్తూ స్వర్ణలత కుచ్చులు ముడివేస్తూనే ఉంది. ముడి ఒక్కటీ వదులు కాలేదు.

2024 ఏప్రిల్ నెలలో చివరి కిస్తీ కట్టాడు. మొత్తం లెక్క కూడ అతడే వీధిలో ప్రకటించాడు: ఇరవై ఏళ్ళు కడితే పద్దెనిమిదిన్నర లక్షల వడ్డీ, తాను కట్టినది ఆరున్నర లక్షల చిల్లర, పన్నెండు లక్షలు మిగుల్చుకున్నాడు. లెక్క నిజమే. నిజమైన లెక్కను కాదనే అలవాటు నాకు లేదు. పెద్దమనుషుల తలలు ఊగడం మొదలైంది అప్పుడే. నలుగురైదుగురు వచ్చి ఎట్లా సాధించావో చెప్పమన్నారు, గంటసేపు చెప్పాడు. ఆ గంటలో భార్య పేరు ఒక్కసారి కూడ రాలేదు. ముప్పై సేర్ల బియ్యం మాట అసలే రాలేదు.

స్వర్ణలత పంచాంగం చూపించుకొంది. వచ్చే శుక్రవారం మంచిది. ఆదివారం నాడు భర్త ముందు కూర్చుని అడిగింది. ఇది మా ఇంటావిడ ద్వారా నాకు అందిన మాట. ఒక అక్షరం కూడ పెంచలేదు.

“అప్పు తీరింది గద. శుక్రవారం గల్లీకి చెప్పి వస్త.”

“ఏం చెప్తవ్?”

“ఏం చెప్పుడేంది? ఒడిబియ్యం భోజనాలు.”

“అరె, గది ఉన్నది గద,” అన్నాడట, పోస్టులో ఏదో ఉత్తరం వచ్చినట్టు. “జర ఆగు. పైన ఇంకో అంతస్తు ఏస్తున్న. కాయితాలు చేతికొచ్చినంక మల్ల అదే బ్యాంకుల పెడితే పన్నెండు లక్షలు ఇస్తరట. రెండు కిరాయిలొస్తయి. పదేండ్ల అప్పు, నాలుగేండ్లల్ల కొట్టి పారేస్త. అప్పుడు పెడుదం, ఇంకా ధూంధాంగ. ఇప్పుడు ఖర్చు పెట్టుకుంటే లెక్క ఎనకకు పోతది.”

అప్పు తీరడం అతనికి విడుదల కాదు, సెలవు. ఎనిమిదేళ్ళు అప్పును తిట్టుకుంటూ తీర్చాడని వీధి అనుకుంది. కాదు. అప్పు ఉన్నంతకాలం ఎవరికీ ఏదీ పెట్టనక్కరలేదు. అప్పు అతనికి గొడుగు. ఒక గొడుగు మూయకముందే రెండోది తెరుస్తున్నాడు.

స్వర్ణలత లేచి ముందు పోర్షన్‌లోకి పోయింది. నవనీతకు ఏమి చెప్పిందో తెలియదు గాని, నవనీత గొంతు మాత్రం వీధి మొత్తానికి వినబడింది: “మా ఇంట్ల పెట్టుకో అక్కా! నెల నెల కిరాయి కడ్తున్నం. ఎవలొస్తున్నరు, ఏం తింటున్నరు అని అడిగే హక్కు ఓనరుకు ఏడుంది? ఐదువందలు పడేస్తే అయిపాయె!”

శుక్రవారం పొద్దున ఎనిమిదింటికి రాంచందర్ ఇస్త్రీ చొక్కా తొడుక్కొని ఇంటి కాగితాలు తెచ్చుకోవడానికి బ్యాంకుకు బయలుదేరాడు. తొమ్మిదింటికి నకిరేకల్ బస్సు దిగి సుభద్రమ్మ, అరుణ్, వదినె ఆటోలో వచ్చారు. మూడు నెలలుగా కుచ్చుల డబ్బును స్వర్ణలత భర్తకు ఇవ్వలేదు. చీరలు రావడంలేదని చెప్పింది. పాతికేళ్ళ కాపురంలో ఆమె ఆడిన అబద్ధం బహుశా అదొక్కటే. ఆ డబ్బుతో ముప్పై సేర్ల బియ్యం కొన్నది. ఒక్క గింజ తక్కువ కాకుండ, ఎనిమిదేళ్ళ కిందటి ముప్పై సేర్లకు ముప్పై సేర్లు. పసుపు కలిపింది. సతీశ్ వెనుక పెరట్లో రాళ్ళపొయ్యి పెట్టాడు. పప్పు, వంకాయ కూర, పచ్చిపులుసు, పాయసం. అరుణ్ తెచ్చిన నిమ్మకాయలు పచ్చడి అయ్యాయి.

వీధి అంతా వచ్చింది. నూటిరవై మంది కాదు, నూట యాభై దాటారు. ఎనిమిదేళ్ళలో వీధి పెరిగింది కదా. తలలు ఊపే పెద్దమనుషులు కూడ వచ్చి మూడు మూడు సార్లు పాయసం పోయించుకున్నారు. స్వర్ణలత ఒక్క విస్తరిని కూడ ఇతరుల చేతికి వదలలేదు. ఒక్కొక్కరి ముందు వంగి, అన్నం తన చేతులతో పెట్టింది. సుభద్రమ్మ గోడవార కుర్చీలో కూర్చుని, మసక చూపుతో బిడ్డను కాక, బిడ్డ చేతినుంచి జారే పసుపు రంగును చూస్తున్నది. నాకు వడ్డించేటప్పుడు స్వర్ణలత, “సాక్ష్యం ఉంటరని అన్నడు గద సార్, కడుపునిండ తినుండ్రి” అంది. సిద్దయ్య బెల్లం ముక్క జ్ఞాపకం వచ్చింది. ఆ బెల్లం కొడుక్కు రాలేదు. ఇంటికి వచ్చిన కోడలికి వచ్చింది. వారసత్వం ఎప్పుడూ రక్తాన్నే వెతుక్కుంటూ పోదు.

రెండింటికి రాంచందర్ వచ్చాడు. కాగితాలను ప్లాస్టిక్ కవరులో పెట్టి, పైన తువ్వాలు చుట్టి, పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకొని ఉన్నాడు. ముందు పోర్షన్ వాకిట్లో చెప్పుల గుట్ట చూసి ఆగాడు. నేను నల్లా దగ్గర చేయి కడుగుకుంటున్నాను.

“ఏంది సార్, సతీశోళ్ళ ఇంట్ల ఫంక్షనా?”

“భోజనాలు,” అన్నాను.

“ముంగట చెప్పద్దా మరి? నీళ్ళు గింత కారబోస్తున్నరు!” అని గొంతు పెంచాడు. “నవనీతమ్మా!”

నవనీత కొంగుకు చేతులు తుడుచుకొంటూ వచ్చింది. ఈ క్షణం కోసమే మడిచి ఉంచిన ఐదువందల నోటు రవికెలోనుంచి తీసి చాపింది. “ఇగో సార్, నీళ్ళ పైసలు. ఈపారి అడగకముందే ఇస్తున్న, యాది పెట్టుకోండ్రి.”

తీసుకున్నాడు. నోటును వెలుతురుకు ఎత్తి చూసి, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. అప్పుడు తల వంచి లోపలికి చూశాడు. బంతిలో వంగి వడ్డిస్తున్న భార్య కనబడింది. కుర్చీలో అత్తగారు కనబడ్డారు. విస్తళ్ళలో పసుపు అన్నం కనబడింది. ఆ అన్నాన్ని అతనికంటె బాగా గుర్తుపట్టగలవాడు ఈ జిల్లాలో లేడు.

“అత్తమ్మా… ఎప్పుడొచ్చిండ్రు?”

“పొద్దుగాలనే వచ్చిన అల్లుడా,” అన్నది సుభద్రమ్మ, గొంతు వచ్చిన దిక్కు ముఖం తిప్పి. “అప్పు తీరిందట గద, సల్లగుండు. కూసో, తిను. బిడ్డ బియ్యం.”

బంతిలో చేతులన్నీ ఆగాయి. నూరు కళ్ళు అతని జేబును చూస్తున్నాయి. రాంచందర్ చేయి లేచింది, జేబు మీదికి వచ్చింది, లోపల నోటు ఉన్నదీ లేనిదీ పైనుంచే తడిమి చూసుకొంది, దిగిపోయింది. బడినాటినుంచి అతణ్ణి ఎరిగిన నేను కూడ ఆ అరనిమిషం ఆశపడ్డాను. ముసలితనంలో మనిషికి మిగిలే జబ్బులలో ఆశ ఒకటి.

కూర్చున్నాడు. తిన్నాడు. పప్పు రెండోసారి అడిగి పోయించుకున్నాడు.

బంతులు లేచాక, ఆ కిరాయి ఇంటి నడుమ చాప పరిచి స్వర్ణలతను కూర్చోబెట్టారు. పాత బాకీ వడ్డించేసింది గనుక ఇప్పుడు ఆమె ఒడి పట్టవచ్చు. సుభద్రమ్మ నకిరేకల్ నుంచి తెచ్చిన పసుపు బియ్యం దోసిట్లోకి తీసుకుంది. చూపు ఆనక కొన్ని గింజలు ఒడి తప్పి చాప మీద పడ్డాయి. నవనీత వాటిని ఒక్కొక్కటే ఏరి తన దోసిటితో కలిపి పోసింది. ఆమె పుట్టిల్లు నకిరేకల్ కాదు, కులం కూడ ఒకటి కాదు. ఒడి నిండింది. ఎనిమిదేళ్ళ కిందట చూసిన ఆ ముఖం మళ్ళీ కనబడింది, చెంపల దగ్గర నాలుగు వెండ్రుకలు నెరిసి.

పొద్దు వాలేముందు పుట్టింటివాళ్ళు బస్సుకు వెళ్ళిపోయారు. వీధి సద్దుమణిగింది. నేను అరుగు మీద దినపత్రిక పట్టుకొని కూర్చున్నాను. ఆ రోజు అది మొదట నా చేతికే వచ్చింది. రాంచందర్ కాగితాలను బీరువాలో భద్రం చేసి వంటింట్లోకి పోయి, మళ్ళీ వాకిట్లోకి వచ్చాడు. స్వర్ణలత విస్తళ్ళు ఎత్తిన చోట నీళ్ళు చల్లుతున్నది.

“బియ్యం ఏవి?” అన్నాడు. “లోపట లేవేంది?”

“కిరాయి ఇంట్ల ఉన్నయి.”

“ఆడెందుకు?”

“వచ్చే శుక్రవారం మల్ల వండాలె. అవి గల్లీ బియ్యం.” ఆమె చెంబులో మిగిలిన నీళ్ళు కూడ చల్లేసింది. “ఫికర్ చేయకు. నీళ్ళ పైసలు ముందే ఇస్తం.”